ఆగగలిగినవాళ్లు, ఆగలేనివాళ్లు

2025 జులైలో కేంద్ర ప్రభుత్వం ఒక గొప్ప చెప్పుకుంది. ప్రపంచ బ్యాంకు లెక్కలో, అసమానతను కొలిచే గినీ సూచిక మన దేశానికి 25.5 అనీ, సమానత్వంలో ప్రపంచంలోనే మనది నాలుగో స్థానమనీ ప్రకటించింది. అంతకు ముందు ఏడాది మార్చిలో నితిన్ కుమార్ భారతి, లూకస్ ఛాన్సెల్, తొమా పికెటీ, అన్మోల్ సోమంచి అనే నలుగురు ఆర్థికవేత్తలు వందేళ్ల లెక్కలు తవ్వి మరో మాట చెప్పారు. 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది దగ్గరే ఉందన్నారు. ఆదాయంలో ఇంత ఎడం తెల్లదొరల కాలంలోనూ లేదన్నారు. 1980ల తొలినాళ్లలో ఆ ఒక్క శాతం వాటా ఆరు శాతం దగ్గర ఉండేదట.

ఒకే దేశం, దాదాపు ఒకే సంవత్సరం. రెండు మాటలూ నిజమెలా అవుతాయి?

అవుతాయి. ప్రపంచ బ్యాంకు కొలిచింది కుటుంబాల ఖర్చును. ఆ నలుగురూ కొలిచింది ఆదాయాన్నీ ఆస్తినీ. ఉన్నవాడు సంపాదించిందంతా తినలేడు. మిగిలింది భూమిలోకో షేర్లలోకో వెళ్తుంది, అది ఖర్చు సర్వేకి చిక్కదు. లేనివాడు సంపాదనకు మించి ఖర్చు పెడతాడు, ఆ పైది అప్పు. ఆస్పత్రికి అప్పు చేసి యాభై వేలు కట్టిన కుటుంబం సర్వే కాగితం మీద ఆ నెల బాగా ఖర్చు పెట్టిన కుటుంబంగానే కనిపిస్తుంది. పైగా గేటెడ్ కాలనీలో గుమాస్తా పట్టుకొచ్చే ప్రశ్నల చిట్టాకు గంటల తరబడి జవాబిచ్చేవాళ్లు ఎందరుంటారు? అందుకే ఖర్చు మీద లెక్కేస్తే ఎడం ఎప్పుడూ తక్కువగా తేలుతుంది. ఆదాయం మీద లెక్కేసిన ప్రపంచ అసమానత డేటాబేస్‌లో మన గినీ 2004లో 52, 2023లో 62.

ఇవి ఢిల్లీ, పారిస్ లెక్కలు. ఈ తగువును కల్లూరు దగ్గర నిలబడి చూస్తే కొంత తేటపడుతుంది.

కల్లూరు రెవెన్యూ డివిజన్ అంటే కల్లూరు, తల్లాడ, ఏన్కూరు, పెనుబల్లి, సత్తుపల్లి, వేంసూరు మండలాలు. ఒక పక్క సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు, ఒక పక్క కనకగిరి అడవులు. సత్తుపల్లి దాటితే దమ్మపేట, అశ్వారావుపేట ఏజెన్సీ, వేంసూరు దాటితే ఆంధ్ర సరిహద్దు. పేరువంచలో చక్కెర మిల్లు, సత్తుపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్టు గని, ఇప్పుడు కొత్తగా ఖమ్మం నుంచి దేవరపల్లికి పొలాల మీదుగా వేసిన నాలుగు వరసల గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు. చిన్న ప్రాంతమే గాని, డబ్బు ఎలా పుడుతుందో, ఎవరి దగ్గర ఆగుతుందో చూడడానికి కావలసినవన్నీ ఇక్కడున్నాయి.

ముందు పెద్ద పేర్ల సంగతి. వేంసూరు మండలం కందుకూరు నుంచి వెళ్లిన బండి పార్థసారథి రెడ్డి 1993లో హెటిరో మందుల కంపెనీ పెట్టి, 2022లో రాజ్యసభకు వెళ్లారు. మరుసటి ఏడాది సభ్యుల అఫిడవిట్లను క్రోడీకరించిన ఏడీఆర్ సంస్థ ఆయన ప్రకటించిన ఆస్తిని సుమారు 5,300 కోట్లుగా, సభలోకెల్లా ఎక్కువగా చూపించింది. కల్లూరు మండలం నారాయణపురం నుంచి వెళ్లిన పొంగులేటి శ్రీనివాస రెడ్డి కాంట్రాక్టుల్లో ఎదిగి 2014లో ఖమ్మం ఎంపీ అయ్యారు. 2023 డిసెంబరు నుంచి రాష్ట్ర రెవెన్యూ, గృహనిర్మాణ శాఖలు ఆయన చేతిలో ఉన్నాయి.

2018-19 జాతీయ నమూనా సర్వేలో తెలంగాణ రైతు కుటుంబం సగటు నెలసరి ఆదాయం 9,403 రూపాయలు. ఆ 5,300 కోట్లను దానితో భాగిస్తే సుమారు నాలుగు లక్షల డెబ్భై వేల కుటుంబాల ఏడాది ఆదాయం. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి ఖమ్మం జిల్లా జనం పద్నాలుగు లక్షలు. అంటే జిల్లాలోని కుటుంబాలన్నీ ఒక ఏడాదంతా సంపాదించేదానికి అటూ ఇటూ. ఆస్తినీ ఆదాయాన్నీ ఇలా పక్కపక్కన పెట్టడం లెక్కల పద్ధతికి విరుద్ధమే, ఎడం ఎంతో ఊహకు అందడానికి మాత్రం పనికొస్తుంది.

అయితే ఇలాంటి లెక్కలతో ఆగిపోయే వ్యాసాలంటే నాకు పెద్దగా గురి లేదు. హెటిరో సంపద మందుల తయారీలోంచి వచ్చింది. దానివల్ల కందుకూరులో ఎవరి చేను ఎవరికీ పోలేదు. ఆకాశంలో ఉన్న ఆ అంకెను చూసి ఊళ్లో ఎవరూ కుమిలిపోరు. ఊళ్లో మనిషిని కోసేది పక్కింటితో ఎడం. ముప్పై ఏళ్ల కిందట ఒకే బడిలో చదివి, ఒకే కాలువ గట్టున తిరిగిన రెండు ఇళ్లలో ఒకటి కోటి రూపాయల భూమి మీద కూర్చుంటే రెండోది అదే భూమిని కౌలుకు చేస్తోంది. ఆ ఎడం ఎలా వచ్చిందన్నదే చెప్పుకోవలసిన విషయం.

తెలివి వల్ల వచ్చిందనీ, కష్టం వల్ల వచ్చిందనీ గెలిచినవాళ్లు అంటారు. దోపిడీ అని ఓడినవాళ్లు అంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఈ ప్రాంతంలోని పంటలనూ గనినీ రోడ్డునూ వరసగా చూసుకుంటూ పోతే నాకు కనిపించేది మరొకటి: ఆగగలగడం. ధర వచ్చేదాకా, చెట్టు కాపుకొచ్చేదాకా, బిల్లు పడేదాకా ఆగగలిగినవాడికి కాలం డబ్బు పెడుతుంది. ఆగలేనివాడి దగ్గర వడ్డీ రూపంలో తీసుకుంటుంది.

మిర్చిని చూడండి. తేజ రకం మిర్చికి ఖమ్మం యార్డు పేరుమోసింది, విదేశాలకూ వెళ్తుంది. రోజూ పొద్దున జెండా పాట పాడతారు. మర్నాటి పేపర్లో వచ్చే ధర అదే. కానీ జెండా పాట ఆ రోజుకి మేలైన సరుకుకు పలికిన పై ధర. మిగతా టిక్కీలన్నీ రంగు తగ్గిందనో, తేమ ఉందనో, తాలు కలిసిందనో దానికి కింద అమ్ముడుపోతాయి. ధర నచ్చకపోతే సొంత భూమి ఉన్న ఆసామి సరుకును కోల్డ్ స్టోరేజీకి పంపి, బాండు మీద బ్యాంకులో అప్పు తీసుకుని, మూడు నెలలాగి అమ్ముకుంటాడు. కౌలు రైతుకు ఆ వీలు లేదు. విత్తనానికీ పురుగు మందుకూ డబ్బిచ్చిన కమీషన్ వ్యాపారి కొట్టుకే సరుకు తేవాలి, అదే రోజు అమ్మాలి, బాకీ జమ అయ్యాక మిగిలింది పట్టుకెళ్లాలి. ఏరిన కూలీలు ఇంటి దగ్గర డబ్బుకి ఎదురుచూస్తుంటారు. ఆ కూలీల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి పిల్లాపాపలతో వచ్చి చేల గట్ల మీద పరదాలు కట్టుకుని ఉండేవాళ్లూ ఉంటారు.

2017 ఏప్రిల్ 28న ఇదంతా ఒక్కసారి బద్దలైంది. ఏడాది కిందట క్వింటా పన్నెండు వేలు పలికిన మిర్చి అయిదు వేల లోపుకు పడిపోయింది. కడుపు మండిన రైతులు యార్డు కార్యాలయం మీద పడ్డారు. అరెస్టయిన పది మందిని మే నెలలో సంకెళ్లు వేసి కోర్టుకు తెచ్చారు. దేశమంతా ఆ ఫొటో చూసింది. సంకెళ్ల గురించి చాలా రాశారు, రాయాల్సిందే. ఆ ధరకు అమ్మక తప్పనివాళ్లెవరు, నిల్వ పెట్టుకోగలిగినవాళ్లెవరు అన్నది మాత్రం అంతగా ఎవరూ రాయలేదు. ఒకే ఏడాది, ఒకే పంట, ఒకే ధర పతనం. కొందరికి అది చెడ్డ సంవత్సరం, కొందరికి వ్యవసాయంలో ఆఖరి సంవత్సరం.

అశ్వారావుపేట, దమ్మపేట వైపు వెళ్తే పామాయిల్ తోటలు. మొక్క పెట్టాక గెల చేతికి రావడానికి నాలుగో ఏడు రావాలి. ఆ తరవాత పాతికేళ్లు కాస్తుంది. కోతి బెడద లేదు, దొంగల భయం తక్కువ, అశ్వారావుపేట, అప్పారావుపేటల్లో ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలు గెలల్ని కొంటాయి. 2022లో టన్ను 22 వేలు దాటింది, మరుసటి ఏడాది పన్నెండు, పదమూడు వేలకు దిగింది, 2024 సెప్టెంబరులో కేంద్రం దిగుమతి సుంకం పెంచాక మళ్లీ లేచింది. ఈ ఊపులన్నీ తట్టుకునేది మూడేళ్లు రాబడి లేకుండా బతకగలిగిన ఇల్లు. కౌలుదారు పామాయిల్ పెట్టలేడు. ఏడాది కౌలుకు పాతికేళ్ల చెట్టెవరు నాటనిస్తారు? వరినో మిర్చినో తీసేసి తోట వేసిన ప్రతి చోటా కౌలుకు దొరికే భూమి అంత తగ్గుతుంది, నాట్లూ ఏరుళ్లూ తగ్గి ఆడకూలీల పనిదినాలూ తగ్గుతాయి. తోట వేసిన రైతు తప్పు చేశాడని కాదు. వేయమని ప్రభుత్వమే రాయితీలిస్తోంది. అతని లాభం లెక్కకొస్తుంది, కూలి ముఠాలో పోయిన పనిదినాలు ఏ రికార్డులోకీ ఎక్కవు, అంతే.

సత్తుపల్లి గని దగ్గర ఎడం ఇంకో రకం. అక్కడ యజమాని ప్రభుత్వమే, పైగా సింగరేణి కార్మికుడు కూడా సామాన్య కుటుంబమే. 2023-24 లాభాల్లోంచి సంస్థ 796 కోట్లు కార్మికులకు పంచింది. పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు అందాయి. అదే ఏడాది, సంస్థ చరిత్రలో మొదటిసారిగా, కాంట్రాక్టు కార్మికులకూ వాటా ఇచ్చారు: తలకు అయిదు వేలు. మొదటిసారి ఇచ్చినందుకు మెచ్చుకోవాలి. కానీ ఒకే గేటులోంచి లోపలికి వెళ్లి, ఒకే దుమ్ము పీల్చి బయటికొచ్చే ఇద్దరి మధ్య ముప్పై ఎనిమిది రెట్ల తేడా. బోనస్ వచ్చిన దసరాకు ఒకరు సత్తుపల్లిలో ప్లాటుకు బయానా ఇస్తారు. రెండోవారి అయిదు వేలు పిల్లల బట్టలకూ పాత బాకీకీ పోతాయి. అసమానత అంటే అంబానీ, అదానీ అనుకునేవాళ్లు ఇలాంటి చోట తడబడతారు. దాని పదునంతా మధ్యలోనే ఉంది, పై అంచున కాదు.

ఇక భూమి. పంట మీద వచ్చే ఆదాయానికీ భూమి ధరకూ ఇక్కడ సంబంధం ఎప్పుడో తెగిపోయింది. కారణాలు ఊరికొకటి చెప్పొచ్చు: హైదరాబాద్‌లో స్థలం అమ్మినవాళ్లు ఇక్కడ పొలం కొన్నారు, అమెరికాలో కొడుకు పంపిన డాలర్లు తోటలయ్యాయి, కోస్తా నుంచి వచ్చినవాళ్లు అక్కడ ఒక ఎకరం అమ్మి ఇక్కడ నాలుగు కొన్నారు. వీటి మీద గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు వచ్చి పడింది. సుమారు 160 కిలోమీటర్ల ఈ దారి ఖమ్మాన్ని తూర్పు గోదావరి జిల్లాకు కలుపుతుంది. రోడ్డు కింద పొలం పోయినవాళ్లు రిజిస్ట్రేషన్ విలువ మీద పరిహారం కట్టారనీ, బయట ధర అంతకు ఎన్నో రెట్లనీ గోల పెట్టారు. వాళ్ల గోడు న్యాయమైనదే. ఎక్కే, దిగే చోట్ల పక్కన భూమి ఉన్నవాళ్లు నాగలి కదపకుండానే ధనవంతులయ్యారు. మూడో రకం ఇంకొకరున్నారు. ఆ పొలాల్లో ఏడాదికి ఎనభై రోజులో వంద రోజులో కూలికి వెళ్లినవాళ్లు. 2013 భూసేకరణ చట్టం, భూమి పోవడం వల్ల జీవనం దెబ్బతిన్న కౌలుదార్లనూ కూలీలనూ కూడా బాధిత కుటుంబాలనే అంటుంది. ఫలానా పొలంలో నేను కూలి చేశానని కాగితం చూపించగలిగే కూలీ ఎక్కడున్నాడు?

ఏజెన్సీలో కథ కొంచెం తిరగబడుతుంది. గిరిజన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో వచ్చిన నిబంధనను 1963లో తెలంగాణకూ వర్తింపజేశారు, 1970లో 1/70గా బిగించారు. దాని చుట్టూ ఎన్ని బినామీ దార్లు తొక్కారో అశ్వారావుపేట, దమ్మపేట చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అయినా ఆ చట్టమే లేకపోతే కోయల చేతిలో ఈ మాత్రం కూడా మిగిలేది కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2023 జూన్ చివర్లో రాష్ట్ర ప్రభుత్వం లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చింది. ఆ పట్టా వారసులకు వస్తుంది గాని అమ్ముకోవడానికి లేదు. భూమి పోదు, నిజమే. కానీ కల్లూరు రోడ్డు పక్క ఎకరం ధర పదింతలైనా అడవి అంచున కోయ కుటుంబం ఎకరానికి ఆ పెరుగుదల తగలదు. రక్షణ కోసం కట్టిన గోడే సంపద లోపలికి రాకుండానూ ఆపుతుంది. దీనికి నా దగ్గర పరిష్కారం లేదు. గోడ తీసెయ్యమనేవాళ్లలో గిరిజనులు తక్కువన్నది మాత్రం గమనించాలి.

కిందివాళ్ల బతుకు మెరుగుపడలేదా అంటే, పడింది. ఆకలి తగ్గింది. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యంతో మొదలైంది ఇప్పుడు రేషన్ షాపులో ఉచిత సన్న బియ్యం దాకా వచ్చింది. ఆరోగ్యశ్రీ, పింఛన్లు, మహిళా సంఘాల అప్పులు, ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాయి. సత్తుపల్లిలో ఇంజినీరింగ్ కాలేజీలు ఉండబట్టి కూలి ఇళ్ల పిల్లలూ బీటెక్ అయ్యారు. ఖర్చు సర్వేలో కనిపించే సమానత్వం వట్టి అబద్ధం కాదు. దేశంలో పల్లెకూ పట్నానికీ మధ్య ఖర్చు తేడా 2011-12లో 84 శాతం, 2023-24 నాటికి 70. నేల కాస్త పైకి లేచింది, కప్పు మాత్రం అంతకు ఎన్నో రెట్లు లేచింది. ఆ బీటెక్‌తో ఒకరు పొలం తనఖా పెట్టి అమెరికా వెళ్లారు. తనఖాకు పొలం లేనివారు ఖమ్మంలో ఫైనాన్స్ కంపెనీ వసూళ్లకు తిరుగుతున్నారు.

పన్నుల సంగతి రెండు మాటల్లో. తండ్రి ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీని 1985లో ఎత్తేశారు. సంపద పన్నును 2015 బడ్జెట్లో తీసేశారు. 2019లో కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి దించారు. సబ్బు మీద జీఎస్టీ మాత్రం కోటీశ్వరుడికీ కూలీకీ ఒకటే. ఆదాయ తేడాలు తగ్గించాలని రాజ్యాంగం 38వ అధికరణలో 1978లో చేర్చిన వాక్యం అలాగే ఉంది.

ఢిల్లీ వైపు చూసి తిట్టడం సులువు. రాష్ట్రం చేతిలో ఉన్నదాని సంగతేమిటి? 2018 మేలో రైతుబంధు మొదలైంది. పంటకు ఎకరానికి నాలుగు వేలు, తర్వాత అయిదు వేలు, 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో ఆరు వేలు. మంచి పథకం, చిన్న రైతుకు వడ్డీ వ్యాపారి గడప తొక్కే అవసరం కొంత తప్పించింది. కానీ డబ్బు పట్టాదారు పాస్‌బుక్కుని బట్టి వెళ్తుంది. రైతుబంధులో ఎకరాలకు పరిమితే పెట్టలేదు. ఇప్పటి లెక్కన రెండెకరాల వారికి ఏడాదికి 24 వేలు, ఇరవై ఎకరాల వారికి రెండు లక్షల నలభై వేలు, ఆ ఇరవై ఎకరాలను నిజంగా దున్నే కౌలుదారులకు సున్నా. రైతు చనిపోతే అయిదు లక్షలిచ్చే రైతు బీమా కూడా పాస్‌బుక్కునే అడుగుతుంది. కౌలుదారు పురుగు మందు తాగితే ఆ ఇంటికి ఆ అయిదు లక్షలు కూడా రావు. భూమి లేని కూలీకి ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద ఏడాదికి 12 వేలన్నారు, 2023-24లో ఇరవై రోజులు ఉపాధి పని చేసి ఉండాలన్నారు. అరెకరం సొంతం ఉండి అయిదెకరాలు కౌలుకు చేసే మనిషి అందులోకి రాడు, అరెకరానికి వచ్చే ఆరు వేలతో సరి. రైతు స్వరాజ్య వేదిక 2022 సర్వేలో తెలంగాణ సాగుదారుల్లో మూడో వంతుకు పైగా కౌలుదారులే అని తేలింది.

ఇందులో కులం లేదనుకోవద్దు. ఇక్కడ పాస్‌బుక్కుల్లో ఎక్కువ ఎకరాలు కమ్మ, రెడ్డి, వెలమ ఇళ్లలోవి. కూలి ముఠాల్లో ఎక్కువమంది మాదిగ, మాల, కోయ, లంబాడీ మహిళలు. ఎకరానికి ఇంత అని పంచే ఏ పథకమైనా పాత తరాల పంపకాన్నే మళ్లీ కొత్త డబ్బుతో నకలు తీస్తుంది.

కౌలుదారును గుర్తించడానికి ఏమడ్డం? పట్టాదార్లు ఒప్పుకోరు. ఎందుకొప్పుకోరంటే దానికి డెబ్భై అయిదేళ్ల కథ ఉంది. సాయుధ పోరాటం వేడి ఇంకా చల్లారకముందే, 1950లో, హైదరాబాద్ రాష్ట్రం కౌలుదారీ చట్టం చేసింది. రక్షిత కౌలుదారు అనే హోదా ఇచ్చింది. తర్వాత చేర్చిన 38-ఇ సెక్షనుతో అలాంటి కౌలుదార్లకు భూమి మీద యాజమాన్య హక్కే వచ్చింది. ఖమ్మం ప్రాంతంలో చాలా కుటుంబాలు దానివల్ల రైతులయ్యాయి. వాళ్ల మనవలు కొందరు ఇప్పుడు పట్టాదార్లు, కొందరు తమ భూమిని కౌలుకిచ్చి హైదరాబాద్‌లో ఉంటున్నారు. కౌలు కాగితం మీదికెక్కితే భూమి పోతుందన్న భయం మాత్రం ఊళ్లో పోలేదు. అందుకే కౌలు నోటిమాటగానే నడుస్తుంది, ఏడాదేడాదికీ మనిషిని మారుస్తారు, డబ్బు ముందే కట్టించుకుంటారు. ఆ ముందు కట్టే డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకో మూడు రూపాయల వడ్డీకో వస్తుంది. 2018-19 సర్వేలో తెలంగాణ రైతు కుటుంబాల్లో 91.7 శాతానికి అప్పుంది, సగటున లక్షా యాభై రెండు వేలు. దానిలో ఈ వడ్డీ పాలెంతో విడదీసి చూపించిన లెక్క నేను చూడలేదు.

2011లో ఉమ్మడి రాష్ట్రం ఈ భయానికి మందుగా సాగుదారుల చట్టం తెచ్చింది. యాజమాన్యం జోలికి పోకుండా, ఆ ఏడాదికి అప్పుకూ పంట నష్టానికీ పనికొచ్చేలా కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇవ్వాలన్నారు. చట్టం తెలంగాణకూ వచ్చింది, కార్డులివ్వడం ఆగిపోయింది. సరిహద్దుకు అటువైపు ఆంధ్రప్రదేశ్ 2019లో మరో చట్టం చేసుకుంది. పదకొండు నెలల ఒప్పందం, కార్డు, కానీ కార్డుకు భూయజమాని సంతకం కావాలి. వేంసూరు నుంచి గట్టు దాటి తిరువూరు వైపు వెళ్లి అడిగితే, అక్కడి ఆసాములు సంతకం పెట్టకపోవడానికి చెప్పే కారణమూ ఇదే: రేపు భూమి నాదంటే?